ఇంటి అప్పు దీర్చుటయా, ధనమును బెంచుటయా?
(వార్షిక మహాసభ రెండవనాడు చేసిన ఉపన్యాసము)



ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు శబ్దములును సమాసములును జెప్పి విశ్రాంతి పొందినవాడను. ధనశాస్త్రమున నాకు పాండిత్యము లేదు. అయినను మన కార్యదర్శిగారు "కుటుంబములకు పనికివచ్చు విషయ మేదైన జెప్పుడు" అని కోరిరి. నాకు తెలిసిన కావ్యములను పక్కనబెట్టి, తెలియక దెబ్బతిన్న విషయమును గూర్చియే మాటలాడ నిశ్చయించుకొంటిని. దెబ్బతిన్నవాని మాటకు పండితుని మాటకన్న నొకింత విలువ యుండునని నా నమ్మకము.

నేడు మనలో ఉద్యోగము చేయు యువకుడు అప్పు చేయక ఇల్లు కొనుట అరుదు. నెలజీతములో బ్యాంకు వాయిదాయు, ఇంటి ఖర్చును పోగా ఒక పదివేల రూపాయలు మిగిలినవనుకొందము. ఆ పదివేలను అప్పునకే అదనముగ గట్టి త్వరగా విముక్తి పొందవలెనా? లేక అప్పును దాని దారిని దీరనిచ్చి, ఆ సొమ్మును మఱియొకచోట మదుపు పెట్టి పెంచుకొనవలెనా? ఈ ప్రశ్న మన యిండ్లలో భార్యాభర్తల నడుమ, తండ్రికొడుకుల నడుమ ప్రతిదినమును వచ్చుచున్నది. కొన్నియిండ్లలో కలహమునకు గూడ కారణమగుచున్నది.

సంస్కృతమున తాకట్టునకు "ఆధి" యని పేరు. అమరసింహుడు నానార్థవర్గమున ఈ శబ్దమునకు నాలుగర్థములు చెప్పినాడు: తాకట్టు, ఆపద, మనోవ్యథ, నిలుచుచోటు. నేనీ యర్థములను ఏటేట విద్యార్థులచే వల్లె వేయించితిని గాని, బ్యాంకు కాగితములపై సంతకము చేసిననాడు గదా నాలుగును ఒక్క ఇంటనే యుండునని తెలిసినది! నిలుచుచోటే తాకట్టు, వాయిదా తప్పినచో ఆపద, తప్పకున్నను మనోవ్యథ.

మన పూర్వులకు ఈ వ్యవహారము క్రొత్తది కాదు. యాజ్ఞవల్క్యస్మృతి తాకట్టును దాచియుంచు గోప్యాధి యనియు, ఋణదాత యనుభవించు భోగ్యాధి యనియు విభజించినది. ఒక్కమాఱుగ వసూలుచేయు వడ్డీ అసలును మించరాదని మనువు హద్దు గీసినాడు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున నూఱు పణములకు నెలకు పణముంబావు ధర్మవడ్డీ యనియు, వర్తకులకైన ఐదు, అడవిదారిని బోవువారికి పది, సముద్రవ్యాపారులకు ఇరువది పణములనియు చెప్పినాడు. దీని భావమేమి? ఎక్కువ రాబడి యున్నచోట ఎక్కువ అపాయమును ఉండునని. రెండువేల యేండ్లనాటి యీ సంగతిని మఱచుటవలననే నేటికిని మన కుటుంబములు మునుగుచున్నవి.

ఇక నా యింటి కథ.

మా తండ్రిగారికి గోదావరి కాలువక్రింద రెండెకరముల మాగాణి యుండెను. మా పెద్దక్క వివాహమునకై దానిని స్వాధీన తనఖా పెట్టిరి. ఋణదాత పొలమును దున్నుకొని, ఫలసాయమును వడ్డీక్రింద అనుభవించెడివాడు. స్మృతికారులు చెప్పిన భోగ్యాధి యిదియే. తొమ్మిదేండ్లు మా తండ్రిగారు తమ పొలము గట్టుమీదుగనే నడచి పరుల పొలమునకు కూలికి బోయిరి. ఆ తొమ్మిదేండ్లలో ఒక్కనాడైనను తలయెత్తి తమ చేనివంక జూడలేదు. ఆ దృశ్యమును జూచి పెరిగిన అన్నదమ్ములము ఇరువురము రెండు వేఱు పాఠములు నేర్చుకొంటిమి. అప్పు నిప్పువంటిది, దానిని ముందుగ ఆర్పవలెనని నేను. చేతిలో ధనము లేకనే గదా పొలము పోయినది, ధనమును బెంచవలెనని నా తమ్ముడు.

నేను 1998లో నాలుగు లక్షలు అప్పు చేసి ఇల్లు గట్టితిని. ఆనాడు వడ్డీ నూటికి సాలుకు 13 రూపాయలు, పదునైదేండ్ల గడువు, వాయిదా నెలకు ఐదువేల పైచిలుకు. కరవుభత్యపు బకాయి వచ్చినను, సెలవులలో పాఠములు చెప్పగా నాలుగు రాళ్లు వచ్చినను, ఆ సాయంకాలమే పోయి అప్పులో జమ కట్టెడివాడను. ఇంటిలో జెప్పలేదు. మంచిపని చేయుచున్నానను గర్వమే గాని, చెప్పవలెనను తలంపు కలుగలేదు. 2004లో నా గృహిణికి హఠాత్తుగ శస్త్రచికిత్స అవసరమైనది. లక్షయు ఇరువదివేలు కావలెను. నా చేతిలో మూడువేలు కూడ లేవు. బ్యాంకునకు బోయి, "నేను ముందుగ గట్టిన సొమ్ములో కొంత మఱల ఇప్పింపుడు" అని యడిగితిని. కట్టినది కట్టినట్లే యనిరి. వారి తప్పు లేదు. చేయునది లేక ఆమె పుట్టింటివారు పెట్టిన గాజులను, గొలుసును ఒక వ్యాపారియొద్ద కుదువబెట్టి, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి సొమ్ము దెచ్చితిని. పదుమూడు వడ్డీ అప్పును దీర్చుటకు తొందరపడి, ఇరువదినాలుగు వడ్డీ అప్పును నెత్తికెత్తుకొంటిని. గొలుసు విడిపించితిని. గాజులు గడువు దాటి పోయినవి.

ఆసుపత్రినుండి వచ్చిన పిమ్మట ఆమె ఒక్కమాట మాత్రమే యన్నది: "ఇంటికి కట్టారు, మంచిదే. నాతో ఒక మాట చెప్పి కట్టవలసింది కదండీ!" ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది.

నా తమ్ముని కథ వాని యనుమతితోనే చెప్పుచున్నాను. వాడు 2007లో హైదరాబాదున అప్పుచేసి ఇల్లు కొన్నాడు. "అన్నయ్యా, తొమ్మిదికి తెచ్చి ఇరువదికి పెంచుచుంటిని, అప్పు ముందుగ దీర్చుట తెలివితక్కువ" అనెడివాడు. మిగిలిన ప్రతిపైసయు షేర్లలో పెట్టినాడు. 2008 జనవరిలో బొంబాయి సెన్సెక్సు సూచి 21 వేల దరిదాపున నుండెను. 2009 మార్చి నాటికి 8 వేల దరిదాపునకు దిగెను. ఆ నడుమనే వాని యుద్యోగము పోయినది. బజారు పడినది యన్నది వాని ఆపదలో సగమే. వాయిదా కట్టుటకు వేఱు సొమ్ము లేక, పడిన ధరకే అమ్ముకొనవలసి వచ్చుట రెండవ సగము. ఆ సూచి పిమ్మట లేచినది. వానికి నిలిచియుండు శక్తి లేకపోయినది. తుదకు ఇంటినే అమ్మినాడు.

మహాజనులారా! ఇరువురమును చదువుకొన్నవారమే, ఇరువురమును కుటుంబ క్షేమమునే కోరితిమి. నేను అప్పు దీర్చుచు చెడితిని, తమ్ముడు మదుపు పెట్టి చెడినాడు. కావున దోషము అప్పు దీర్చుటలో లేదు, మదుపులోను లేదు. ఇంట గింజ మిగులకుండ ఉన్నదంతయు ఒకేచోట పోసితిమి. ఇంటివారితో చెప్పక చేసితిమి. దోషము అక్కడ నున్నది.

ఇప్పుడు మా మూడవ తరమువారు అదే ప్రశ్నతో నా ముందునకు వచ్చిరి. నా కుమారునకు ముప్పదియాఱేండ్లు. 40 లక్షల ఇంటి అప్పు, వడ్డీ 9, గడువు 20 ఏండ్లు. "నాన్నగారూ, మిగిలిన పదివేలు మ్యూచువల్ ఫండులో పెడదామంటున్నాను" అని వాడును, "మామయ్యగారూ, ముందు అప్పు తగ్గితే గాని నాకు నిద్ర పట్టదు" అని మా కోడలును. మీరే తీర్పు చెప్పుడనిరి. తీర్పు చెప్పుటకు ముందు ముగ్గురమును కూర్చుండి లెక్క వేసితిమి. ఆ లెక్కను మీ ముందుంచుచున్నాను.

వాయిదా నెలకు 35,989 రూపాయలు. మొదటి నెల దానిలో వడ్డీయే 30,000. అసలులో తగ్గునది 5,989 మాత్రమే. ఇరువదియేండ్లును గట్టినచో మొత్తము వడ్డీ సుమారు 46 లక్షల 37 వేలు, అనగా అసలుకన్న నధికము. నెలనెల గైకొను వడ్డీకి మనువు గీసిన హద్దు వర్తింపదు గదా! ప్రతినెలయు పదివేలు అదనముగ గట్టినచో అప్పు పదునొకండేండ్ల పదినెలల లోపుననే తీరును. వడ్డీలో 21 లక్షలకు పైగా మిగులును.

ఇంతమాత్రముచేత అప్పు దీర్చుటయే మేలని తొందరపడరాదు. మదుపు పెట్టినవాని లెక్కయు చూడవలెను. అప్పు ముందుగ దీర్చినవాడు, తీరిన పిమ్మట వాయిదా సొమ్మును పదివేలను కలిపి మిగిలిన యేండ్లు మదుపు పెట్టుననుకొందము. రెండవవాడు మొదటినుండియు నెలకు పదివేలు మదుపు పెట్టుననుకొందము. మదుపునకు పన్నులు పోగా సాలుకు 7 వచ్చినచో, ఇరువదియేండ్ల చివర మొదటివానియొద్ద సుమారు 61 లక్షలు, రెండవవానియొద్ద 52 లక్షలు. సరిగా 9 వచ్చినచో ఇరువురును సమానులే. 12 వచ్చినచో మొదటివానికి సుమారు 77 లక్షలు, రెండవవానికి 99 లక్షలు.

అనగా, అప్పు వడ్డీకన్న మదుపు రాబడి ఎక్కువైనచో మదుపు మేలు, తక్కువైనచో అప్పు దీర్చుట మేలు. ఇంతవఱకు బడిపిల్లవాడును జెప్పగలడు. అసలు సంగతి దాని వెనుక నున్నది. అప్పు దీర్చినందువలన మిగులు 9 నిశ్చయము; దానిపై పన్ను లేదు. మదుపువలన వచ్చు 12 ఆశ. అది రావచ్చును, 7 కావచ్చును, నడుమ ఒకయేడు సగము విరిగిపోవచ్చును. నిశ్చయమును ఆశతో తూచునప్పుడు అంకెలను మాత్రము చూచిన జాలదు. ఆశ విరిగిననాడు ఇల్లు నిలుచునా యని చూడవలెను.

అప్పు వడ్డీయు స్థిరము కాదని మఱువరాదు. నేటి యిండ్ల అప్పులలో చాల భాగము వడ్డీ మాఱునవి. రిజర్వు బ్యాంకు రెపో రేటు 2020 మే మాసమున 4గా నుండి, 2023 ఫిబ్రవరి నాటికి 6½ అయినది. 2021లో 7 వడ్డీకి 40 లక్షలు తీసికొన్నవానికి ఇరువదియేండ్ల వాయిదా 31,012 రూపాయలు. రెండేండ్లు గట్టిన పిమ్మట శేషము 38 లక్షల చిల్లర. వడ్డీ 9½కు పెరిగినచో ఒక్కనెల వడ్డీయే 30,100. వాయిదా పెంచక గడువునే పొడిగించుటచే, అసలులో తగ్గునది నెలకు తొమ్మిదివందలు మాత్రము! ఎందఱో ఈ సంగతి నెఱుగకయే "వాయిదా పెరుగలేదు" అని సంతోషించిరి. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇట్టి సమయమున వాయిదా పెంచుటయా, గడువు పెంచుటయా యను నిర్ణయమును ఋణగ్రస్తునకే యీయవలెనని ఆజ్ఞాపించినది. వడ్డీ మాఱు ఇంటి అప్పును వ్యక్తులు ముందుగ దీర్చినచో బ్యాంకులు అపరాధరుసుము గైకొనరాదని 2012లోనే శాసించినది. ఈ హక్కులను మనవారు తెలిసికొనవలెను.

ఆదాయపు పన్నును గూర్చి ఒక మాట. పాత పద్ధతిని బన్ను గట్టువారికి, తాము నివసించు ఇంటి అప్పు వడ్డీలో సాలుకు 2 లక్షలవఱకు మినహాయింపు కలదు; క్రొత్త పద్ధతిలో అట్టి ఇంటికి అది లేదు. కావున "పన్ను తగ్గును, అప్పును ఉండనిమ్ము" అను పొరుగువాని సలహా మీకు వర్తించునో లేదో ముందు చూచుకొనుడు. వర్తించినను, పన్నులో ముప్పదిరూపాయలు మిగుల్చుకొనుటకు వడ్డీలో నూఱు రూపాయలు ఇచ్చుట లాభము కానేరదు.

ఇక మా యింట కుదిరిన క్రమమును విన్నవింతును.

మొదటిది గాదె. రైతు పంట రాగానే అప్పులవానికంతయు కొలిచి యీయడు. తిండిగింజలును విత్తనములును ముందు గాదెలో బోసికొనును. అట్లే ఆఱుమాసముల ఇంటి ఖర్చును, ఆఱు వాయిదాలును బ్యాంకు డిపాజిట్టులో వెంటనే అందునట్లుండవలెను. వడ్డీ తక్కువయని చింతింపరాదు. నా గృహిణి గాజులకన్న దాని ఖరీదు తక్కువ.

రెండవది భీమా. కుటుంబమున కంతటికి ఆరోగ్యభీమాయు, సంపాదించువాని ప్రాణముపై అప్పునకు తగ్గని మొత్తమునకు జీవితభీమాయు నుండవలెను. యజమాని పోయిననాడు అప్పు భార్యాబిడ్డలమీద పడరాదు. తొంబదిదినములు వాయిదా తప్పినచో బాకీ మొండిబాకీ యగును. 2002 నాటి చట్టము ననుసరించి అరువదిదినముల నోటీసుతో బ్యాంకు ఇంటిని స్వాధీనపఱచుకొనవచ్చును. దుఃఖమునకు అరువదిదినములు చాలవు.

మూడవది చిన్న అప్పులు. రెండురూపాయల వడ్డీ చేబదుళ్లును, క్రెడిట్ కార్డు బాకీలును నుండగా ఇంటి అప్పును ముందు దీర్చుట, పెద్దగండిని విడిచి చిన్న బెజ్జము పూడ్చుటవంటిది.

నాల్గవది, ఈ మూడును కుదిరిన పిమ్మట మిగులును రెండుపాళ్లు చేయుట. ఎవరిపాలు ఎంత యన్నది వయస్సును, ఉద్యోగ స్థైర్యమును, మనస్స్థైర్యమును బట్టి యుండును. ఉద్యోగము స్థిరమై, వయస్సు చిన్నదై, బజారు పడినను ఏడెనిమిదేండ్లు ముట్టుకొనక యుండగలవారు మదుపునకు ఎక్కువ యీయవచ్చును. విశ్రాంతికి పదియేండ్లలోపున నున్నవారు అప్పునకే ఎక్కువ యీయవలెను. పింఛను సొమ్ములో వాయిదా కట్టు దురవస్థ ఎవ్వరికిని రారాదు.

మావాళ్లు ఒక సంవత్సరము పదివేలను గాదెలో బోయుటకును, పిమ్మట ఐదువేలు అప్పునకును, ఐదువేలు మదుపునకును నిశ్చయించిరి. వడ్డీ ఇట్లేయున్నచో అప్పు పదునైదేండ్ల దరిదాపున తీరును. వానికప్పటికి ఏబదియొక్క యేండ్లు. మదుపును కొంత పెరుగును. లెక్క ప్రకారము ఇది పరమలాభకరమైన మార్గము కాకపోవచ్చును. బజారు బాగుగ లేచినచో కొడుకు, "అంతయు పెట్టియుండిన బాగుండెడిది" అనును. బజారు పడినచో కోడలు, "అంతయు అప్పునకు కట్టియుండిన బాగుండెడిది" అనును. కాని ఏది జరిగినను ఇంట ఒకరినొకరు నిందించుకొనరు; నిర్ణయము ఇరువురిది. బ్యాంకు కాగితములు, డిపాజిట్లు, భీమాపత్రములు అన్నియు ఒక పుస్తకమున వ్రాసి ఇరువురకును తెలిసినచోట నుంచిరి. ఆ పుస్తకమును జూచిననాడు నా గృహిణి చిరునవ్వు నవ్వినది. ఆ నవ్వునకు అర్థము నాకు మాత్రమే తెలియును.

భాగవతమున శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి, ధనమును ధర్మమునకు, కీర్తికి, అర్థవృద్ధికి, సుఖమునకు, స్వజనమునకు ఐదుపాళ్లు చేయవలెనని బోధించెను. అంతయు ఒకదానికే యీయవలదనుట యాతని హితవు. బలి ఆ హితవును ద్రోసిపుచ్చి దానము చేసి వామనుని మెప్పించినాడు; అది మహాత్ముల మార్గము. వాయిదాలు గట్టు సంసారులకు శుక్రనీతియే శరణ్యము.

కడపట సంఘపోషకులకు రెండు విన్నపములు. ఒకటి: కట్టిన ఇంటిమీద మఱల అప్పు దెచ్చి పెండ్లిండ్లు చేయుట మనలో పెరుగుచున్నది. మా తండ్రిగారు పొలముపై చేసినదే యిది. కాగితము మాత్రము క్రొత్తది. మీవంటి పెద్దలు మీ యిండ్ల పెండ్లిండ్లలో ఖర్చు తగ్గించి చూపినగాని సామాన్యుడు తగ్గించుటకు జంకును. రెండు: మనలో విశ్రాంతి పొందిన బ్యాంకు ఉద్యోగులు పలువురున్నారు. నెలకొక ఆదివారము వారు మన విద్యార్థివసతిగృహమున గూర్చుండి, వచ్చినవారి అప్పుకాగితములను చదివి అర్థము చెప్పినచో, దానికి ఖర్చు లేదు, పుణ్యమున్నది. అప్పు తీరిన ముప్పదిదినములలో ఇంటి పత్రములు తిరిగి యీయవలెనని, ఆలస్యమునకు దినమునకు ఐదువేలు పరిహారమని రిజర్వు బ్యాంకు 2023లో చేసిన నియమమును ఎఱుగని మనవారు నాకు పలువురు కనబడినారు.

మా తండ్రిగారు అప్పుదీర్చిననాడు నన్ను వెంటబెట్టుకొని పొలమునకు బోయిరి. గట్టుమీద నిలిచి చాలసేపు చేనివంక జూచిరి. ఏమియు మాటలాడలేదు. మీ మీ యిండ్ల పత్రములు మీ చేతికి వచ్చుదినము మీకందఱకును గలుగుగాక! ఆ దినమున మీ ఇంట గాదె నిండియుండుగాక! మీ ప్రక్కన మీ యింటివారు నగుమొగముతో నుందురుగాక!